తేదీలు రాసిన ట్యూబు

నూకాలు నా కొట్లో ఏనాడూ కూర్చోలేదు. కూర్మన్నపాలెంలో ఇరవై రెండేళ్ళుగా సైకిలు కొట్టు నడుపుతున్నాను. వచ్చినవాళ్ళ కోసం ఒక స్టూలు వేశాను, పైన టార్పాలిన్ కట్టాను, పక్కనే టీ బండి ఉంది. ఎంత తొందరలో ఉన్నవాడైనా నేను చక్రం విప్పేలోపల కాసేపు చతికిలబడతాడు. నూకాలు మాత్రం సైకిలుకి స్టాండు వేసి, టీ బండి దాకా నడిచి, టీ తాగకుండానే వెనక్కి వచ్చి, రోడ్డు వైపు ఓసారి చూసి, మళ్ళీ నడిచేది. నోట్లో ఒకటే మాట.

"బేగి అన్నియ్యా, బేగి."

పనివాడి నెత్తిమీద నిలబడి తొందరపెట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. "అంత బేగైతే నువ్వే ఇప్పుకో" అని ఒకసారి పానా ఆవిడ చేతిలో పెట్టాను. నిజంగానే తీసుకుని, నేను ఇంకో మాట అనేలోపల నట్టు విప్పేసింది. అప్పట్నుంచి పానా ఇవ్వడం మానేశాను.

ఆవిడది అగనంపూడి అవతల కాలనీ. ఉక్కు ఫ్యాక్టరీ లోపల ఒక కాంట్రాక్టరు నడిపే క్యాంటీన్లో వంట పని. ఆరింటి షిఫ్టుకి దిగేవాళ్ళకి టిఫిను సిద్ధంగా ఉండాలంటే ఐదుంబావుకల్లా ఆవిడ హాజరు మిషను మీద వేలు పెట్టాలి. అంటే నాలుగున్నరకి ఇల్లు కదలాలి. ఆ వేళకి ఆటోలు ఉండవు. ఉన్నా నిండితేగాని కదలవు, కదలని బండిలో కూర్చోవడం నూకాలుకి చేతకాదు.

సైకిలు ఆవిడ కూతురు రాణిది. బడిలో ఆడపిల్లలకి ఇచ్చినది, ముందు బుట్ట ఉన్న లేడీస్ సైకిలు. మొగుడు బతికున్నన్నాళ్ళూ నూకాలు ఆయన సైకిలు వెనక కూర్చుని గేటు దాకా వెళ్ళేది. ఎనిమిదేళ్ళ కిందట ఆయన జ్వరం వచ్చి వారం తిరక్కుండా పోయాడు. పదకొండు రోజులు అయ్యాక నూకాలు కూతురి సైకిలు పట్టుకుని కాలనీ బడి మైదానంలోకి దిగింది. అప్పటికి నలభై ఒక్కేళ్ళు. మూడో రోజు పడి గెడ్డం చిట్లింది, కుట్లు వేయించుకుని నాలుగో రోజు మళ్ళీ ఎక్కింది. చూసి నవ్వినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పదో రోజున ఆవిడ నా కొట్టు ముందునుంచి గంట కొట్టుకుంటూ పోతుంటే నవ్వడం మానేశాను. రాణి ఇప్పుడు రుషికొండలో ఒక ఆఫీసులో పని చేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటోంది. సైకిలు తల్లికే ఉండిపోయింది.

ఆ నెల మొదట్లో క్యాంటీను సూపర్‌వైజరు శివరామకృష్ణ వంటవాళ్ళందర్నీ వరసలో నిలబెట్టి ఒక మాట చెప్పాడట. ఆయనది రాజమండ్రి వైపు. కోపం కూడా మర్యాదగానే వస్తుంది.

"కాంట్రాక్టు మారుతోందండి. గేటు పాసులన్నీ కొత్తవి. ఇరవై ఆరో తారీఖు సాయంత్రం పేర్లు పంపుతాను. ఈలోగా మూడుసార్లు లేటైనవాళ్ళ పేరు అందులో ఉండదండి. తర్వాత నన్నేమీ అనుకోవద్దు."

పాసు పోతే గేటు మూసుకున్నట్టే. నలభై తొమ్మిదేళ్ళ మనిషిని పిలిచి పని ఇచ్చే కాంట్రాక్టరు ఎక్కడున్నాడు? ఆ మాట విన్న దగ్గర్నుంచి నూకాలు కాలు ఒక చోట నిలవలేదు. సరిగ్గా ఆ నెలలోనే ఆ సైకిలుకి పంక్చర్ల జబ్బు పట్టుకుంది.

నాకొక అలవాటు ఉంది. అతుకు వేశాక దాని పక్కనే ట్యూబు మీద బాల్‌పెన్నుతో తారీఖు రాస్తాను. నిన్న వేసిన అతుకే ఊడిందని దబాయించేవాళ్ళ నోరు మూయించడానికి మొదలుపెట్టాను, అలా ఉండిపోయింది. నూకాలు వెనక చక్రం ట్యూబు మీద అప్పటికే పోయిన నెల ఇరవై తొమ్మిది అని ఒకటి ఉంది. మూడో తారీఖున, శివరామకృష్ణ ఆ మాట చెప్పకముందే, రెండోది పడింది.

"తీగ" అన్నాను. లారీ టైరు పేలితే దాని పొట్టలోంచి వెంట్రుకంత ఉక్కు తీగలు రాలతాయి. రోడ్డు మీదవి బళ్ళ గాలికి ఎగిరి అంచుకి చేరతాయి. వేలితో తడిమితే దొరకవు. టైరు లోపల దూది ఉండని ఒక చుట్టు తిప్పితే పోగు ఎక్కడ చిక్కుకుంటుందో అక్కడ ఉంటుంది తీగ. దాన్ని పట్టకారుతో లాగి ఆవిడకి చూపించాను. పాత ట్యూబుని పట్టీలా కోసి టైరుకి, ట్యూబుకి మధ్యన అస్తరు పరిచాను. "ఇంక నీకు పంక్చరు పడితే నా పేరు శ్రీరామ్మూర్తి కాదు" అన్నాను.

పన్నెండో తారీఖున పడింది. సైకిలు నడిపించుకుంటూ వెళ్ళి ఐదూ ముప్ఫైకి వేలు పెట్టింది. ఒక లేటు.

రాణికి తెలిసి ఫోన్లో పంక్చరు పడని టైరని చూసి ఒకటి పంపించింది. మంచి సరుకే, కాదనను. రోడ్డుకి తగిలే భాగం కింద మందంగా రబ్బరు పట్టీ ఉంది. కానీ అది లావు ఇరవై ఆరు, ఈ సైకిలుది సన్న ఇరవై ఆరు. రెండింటి మీదా ఇరవై ఆరనే ఉంటుంది, రిమ్ములు మాత్రం వేరు. ఒకదానిది ఇంకోదానికి ఎక్కదు.

"రెండూ ఇరవై ఆరే కదంకుల్?" అంది రాణి ఫోన్లో.

"ఇద్దరూ మనుషులే కదాని మీ అమ్మ జోళ్ళు నాకు పడతాయేటమ్మా?" అన్నాను. బొమ్మ చూసి టైరు కొనేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ పడదు.

నూకాలు ఆ టైరుని అటూ ఇటూ తిప్పింది. "పోనీ గాలే లేని టైరు ఉంటాదట కదా, అది ఏసీ."

"ఏసిస్తాను. గట్టి రబ్బరు. ఒక్కో గొయ్యికీ నీ నడుం కదిలిపోద్ది, నెల తిరక్కుండా చక్రం పుల్లలు ఇరిగిపోతాయి. గాలి అంటే ఉత్తినే పెట్టారనుకున్నావేటి?"

"మరి ట్యూబులో ఏదో మందు పోత్తారట?"

"పోత్తారు. మేకు కన్నం పూడ్సుద్ది. తీగ లోపలే ఉండి రోజూ పొడుత్తంటే మందేటి సేత్తాది?"

ఇలా అన్నిటికీ అడ్డం చెప్పాను. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఈలోగా పదిహేడున మళ్ళీ పడింది. రెండో లేటు. ఆ మధ్యాహ్నం వచ్చి టీ బండికి, నా కొట్టుకి మధ్య ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. బేగి అని కూడా అనలేదు. అది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు కొట్టు మూసేసి టౌన్లో టోకు కొట్టుకి వెళ్ళాను. సన్న ఇరవై ఆరులో, పట్టీ ఉన్న టైరు కోసం మూడు గంటలు అటకల మీది సరుకంతా దింపించాను. చివరికి ఒక్కటి దొరికింది. వెనక చక్రానికే ఎక్కించాను, బరువంతా దాని మీదే గనక. రిమ్ము లోపల తుప్పు గీకి, కొత్త పట్టీ చుట్టి, టైరు అంచు రెండు పక్కలా సమంగా కూర్చుందో లేదో చక్రం తిప్పి చూసి, గాలి నిండుగా కొట్టాను. మెత్తటి టైరు తీగని పిలుస్తుంది. "వారానికోసారి గాలి సూపించు" అన్నాను. వింటున్నట్టే తలూపి, గంట కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

ఇరవై నాలుగు, సోమవారం మధ్యాహ్నం. చక్రం చప్పగా ఉంది. అదృష్టం బాగుండి గాలి నెమ్మదిగా దిగింది, పొద్దున్న వేళకి అందుకుంది. నూకాలు సైకిలు స్టాండు వెయ్యలేదు, నా ముందర పడేసింది.

"ఏటన్నావు? పంక్చరు పడదన్నావు. ఇంకా రెండు రోజులుంది. ఈ రెండు రోజులు నాను భుజమ్మీద మోసుకుని ఎల్లనా సైకిలు?"

నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు, టైరు మీద. విప్పి దూది తిప్పాను. పట్టీ ఉన్నచోట ఒక్క పోగు చిక్కుకోలేదు. ఎడమ చెంప మీద, పట్టీ అందని చోట చిక్కుకుంది. పాత టైరు మూలన పడుంటే అది కూడా తీసి చూశాను. తీగ దొరికిన చోటల్లా నేను లోపల సున్నంతో గీసిన గుర్తులన్నీ ఎడమ చెంప మీదే ఉన్నాయి. నడిరోడ్డు మీద పోయే సైకిలుకి చెంప మీద దెబ్బ తగలదు. తారు అంచు దిగి ఎక్కినప్పుడే తగులుతుంది.

"నువ్వు రోడ్డెందుకు దిగుతన్నావు?"

"నానెందుకు దిగుతాను? కొత్త తప్పు నా మీద ఎట్టకు."

ట్యూబు చేతిలోకి తీసుకుని తారీఖులు చదివాను. "పోయిన నెల ఇరవై తొమ్మిది."

"ఆయేళ పూరీ" అంది వెంటనే. "నూనె సిట్లింది, ఇదిగో సూడు మచ్చ."

"మూడు."

"పెసరట్టు."

"పన్నెండు."

"పూరీ. నాను ఎల్లేసరికి పిండి కూడా తడపనేదు."

"పదేడు."

"పెసరట్టు ఉప్మా." అని ఆగింది. "ఇయ్యేళా పెసరట్టే."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వాళ్ళ క్యాంటీన్లో సోమవారం పెసరట్టు, బుధవారం పూరీ. ఇడ్లీ నాడు, వడ నాడు ఈ సైకిలుకి ఏమీ కాలేదు.

"సోమారం, బుధారం పొద్దున్న దార్లో ఏటుంటాది?" అన్నాను.

"ఏటుంటాది, దిష్టి! ఆదోరం, మంగళారం సాయంత్రం తీసి కాటా మలుపు కాడ పోత్తారు కదా. గుమ్మడికాయలు, నిమ్మకాయలు, మిరపకాయలు. కుడి పక్కన లారీలు. తొక్కుతానేటి? ఎడం పక్కకి దిగిపోయి ఎల్తాను."

తీగలన్నీ ఆ ఎడం అంచునే ఉన్నాయి, మేమే చూడలేదు. పాత తూకం కాటా దగ్గర మూడు దార్లు కలుస్తాయి. ఎప్పుడూ లారీలు ఆగే చోటే, పోయిన నెలనుంచి మరీ ఎక్కువయ్యాయి గనక అంచు నిండా తీగలే. "తొక్కీసి పో నూకాలూ. నిమ్మకాయ టైరుని ఏటీ సెయ్యదు" అన్నాను.

ఆవిడ తిరగడం ఆపి నిలబడింది. "నాను తొక్కను అన్నియ్యా. మా ఆయన పోయిన వారం తొక్కాను. సూసుకోనేదు, తొక్కాను."

నేను మళ్ళీ తొక్కమనలేదు. అందుకు ఇంకో కారణం కూడా ఉంది. ఆ కాటా మలుపు నా కొట్టుకి రెండొందల అడుగుల దూరం. ఏడేళ్ళ కిందట ఎదురుగా అద్దాలు బిగించిన బళ్ళ షోరూము లేచిన దగ్గర్నుంచి మా ఆవిడ కామేశ్వరి ప్రతి ఆదివారం, మంగళవారం కొట్టుకి దిష్టి తీస్తుంది. దాన్ని తీసుకెళ్ళి ఆ మలుపులో పోసేది నేనే. పోశాక వెనక్కి తిరిగి చూడకుండా రావాలి. ఏడేళ్ళుగా నేను వెనక్కి చూడలేదు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట ఒకడు. నేను ఆ పని కూడా చెయ్యలేదు. తల వంచుకుని అతుకు వేసి, పక్కన ఇరవై నాలుగు అని రాసి ఇచ్చేశాను. నూకాలు వెళ్ళిపోయింది. అప్పుడే చెప్పి ఉండాల్సింది. సిగ్గేసింది, చెప్పలేదు.

మర్నాడు మంగళవారం. పైగా అమావాస్య. సాయంత్రం అయ్యేసరికి కామేశ్వరి బూడిద గుమ్మడికాయకి గాటు పెట్టి, కుంకం నింపి, పైన కర్పూరం పెట్టి సిద్ధంగా ఉంది.

"ఈసారికి వద్దులే" అన్నాను.

"అమావాస్యా మంగళారం కలిసొత్తే వద్దంటావా? నీకు మతుందా పోయిందా? ఎదురు కొట్టు సూసావా, బళ్ళు ఎలా దిగుతన్నాయో?"

ఇంకెక్కడైనా పగలగొడదామని కాయ పట్టుకుని బయల్దేరాను. ఇళ్ళ ముందు పడేస్తే కొడతారు. హైవే మీద పడేస్తే ఇంకెవడో పడతాడు. నాలుగు సందులు తిరిగి చేతులు లాగుతుంటే చివరికి అలవాటైన కాళ్ళు అలవాటైన చోటికే తీసుకెళ్ళాయి. అక్కడే పగలగొట్టాను. వెనక్కి చూడకుండా ఇంటికి వచ్చాను.

బుధవారం నాలుగింటికి లేచి కూర్చున్నాను. ఇరవై ఆరో తారీఖు. పూరీ రోజు. ఈ రోజు కాస్త లేటైతే నూకాలు పేరు ఉండదు. కొట్లో పాత లౌడ్‌స్పీకరు అయస్కాంతం ఉంటే దానికి తాడు కట్టి కాటా మలుపుకి పరిగెత్తాను. నా ఉపాయం ఏమిటంటే, దిష్టిని ముట్టుకోకుండా అంచున ఉన్న తీగలు ఏరేద్దామని. తప్పు చేసినవాడికి కూడా తన ఒంటి మీద ఎంత తీపో చూడండి.

కాటా స్తంభం దీపం వెలుగులో అయస్కాంతాన్ని ఎడమ అంచు వెంట ఈడ్చాను. పది అడుగులు పోయేసరికి దానికి గడ్డం మొలిచింది. గుడ్డతో తుడిచి మళ్ళీ ఈడ్చాను. మళ్ళీ గడ్డం. మట్టి కిందనుంచి ఊరుతున్నట్టు వస్తూనే ఉన్నాయి తీగలు. ఐదోసారి, ఆరోసారి. నాలుగూ నలభై అయింది. సగం కూడా అవ్వలేదు. దూరంగా అగనంపూడి వైపు చూస్తే లారీల లైట్లు. వాటి మధ్య ఎక్కడో ఆవిడ తొక్కుకుంటూ వస్తూ ఉంటుంది.

రోడ్డు మీద చూశాను. అమావాస్య కదా, నాదొక్కటే కాదు, ఏడెనిమిది ఇళ్ళవి ఉన్నాయి. ఎర్రన్నం ముద్దలు, మిరపకాయలు, కోసిన నిమ్మకాయలు. మధ్యలో నా గుమ్మడికాయ, రెండు చెక్కలై. చీపురు కూడా తెచ్చుకోలేదు. భయం వేసింది. నిజంగా భయం వేసింది, నా ఇద్దరు పిల్లలూ గుర్తుకొచ్చారు. అయినా వంగి నా గుమ్మడికాయ చెక్కలు రెండూ రెండు చేతులతో ఎత్తాను. చల్లగా, జిగటగా ఉన్నాయి. కాలవలో పడేశాను. తర్వాత మిగతావి. ఎవరి ఇంటివో ఎవరి ఏడుపో తెలీదు, గుప్పిళ్ళతో ఎత్తి పోశాను. ఆఖరి నిమ్మకాయలు కాలితో తోసేశాను.

గంట వినిపించింది.

నూకాలు బ్రేకు వేసి దిగింది. నేను నడిరోడ్డు మీద మోచేతుల దాకా కుంకంతో ఉన్నాను.

"ఏటి సేత్తన్నావన్నియ్యా?"

"తీసేత్తన్నాను."

"నువ్వెందుకు ముట్టుకున్నావు? పోసినోళ్ళకి నేని బాధ నీకేటి?"

"పోసినోణ్ణి నానే" అన్నాను. "ఏడేళ్ళనుంచీ. ఆ గుమ్మడికాయ నాదే."

ఆవిడ నా చేతులు చూసింది, కాలవ వైపు చూసింది, ఖాళీ రోడ్డు చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దొరికిపోయినప్పుడు తిట్టేవాళ్ళు లేకపోతే ఆ దొంగకి దిక్కుతోచదు.

"కాటా వెనక కుళాయుంది" అంది చివరికి. "సేతులు కడుక్కో. కాళ్ళు కూడా కడుక్కో. కడుక్కోకుండా ఇంట్లోకి ఎల్లకు, పిల్లలున్నారు."

సైకిలెక్కింది. రోడ్డు మధ్యన గుమ్మడికాయ పగిలిన చోట తడి మరక ఇంకా ఎర్రగా ఉంది. హేండిలు ఒక్కసారి ఎడం పక్కకి వణికింది. తర్వాత హేండిలు నిటారుగా అయింది, ఆవిడ ఆ మరక మీంచే పోయింది. కళ్ళు మూసుకుందో తెరుచుకుందో నేను వెనకనుంచి చూడలేకపోయాను.

ఐదుంబావు దాటి ఐదున్నర అయ్యేదాకా నేను కుళాయి దగ్గరే నిలబడ్డాను. చేతులు ఎన్నిసార్లు కడిగానో. ఆరింటికి ఫోను మోగింది. "వేలెట్టాను. ఐదూ పది" అంది నూకాలు. వెనక నూనె చిటపట వినిపిస్తోంది. "పూరీలు ఏత్తన్నాను, ఎట్టేత్తన్నా."

గురువారం మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. లిస్టులో పేరు ఉందట. కొత్త పాసుకి ఫొటో కూడా తీశారట. సైకిలుకి ఏమీ కాలేదు, గాలి చూపించడానికి వచ్చింది. స్టాండు వేసింది. టీ బండి దాకా నడవలేదు. వచ్చి నా స్టూలు మీద కూర్చుంది.

నేను గాలి కొడుతుంటే కొట్టంతా కలయజూసింది. గోడకి మేకుల మీద పాత ట్యూబులు వేలాడుతున్నాయి. కూర్మన్నపాలెం చుట్టుపక్కల తెల్లవారకుండా డ్యూటీకి వెళ్ళే మనుషులవి, అస్తర్లకి పనికొస్తాయని దాచినవి. ఒక్కో దాని మీదా నా చేతిరాతే, నా బాల్‌పెన్నే.

"అన్నియ్యా" అంది, "ఆటి మీద తారీకులు ఏ రోజులివి?"

పంపు కొడుతూనే ఉన్నాను. టైరు రాయిలా అయ్యాక కూడా కొడుతున్నాను. ఇల్లు తుడిచే చీపురు ఇప్పుడు కొట్లోనే పెట్టుకున్నాను, సోమవారం, బుధవారం నాలుగింటికే కాటా దగ్గరికి వెళ్తాను. ఆ ట్యూబుల మీద తారీఖులు మాత్రం ఇంతవరకూ చదవలేదు.